బుట్టలో పడని పిల్ల

“కాలు పోయింది!”

నేలమాళిగలోంచి మా ఆవిడ మార్లిస్ పెట్టిన కేక అది. అంటే, నాకు వినిపించిన కేక. ముప్ఫై ఏళ్ళు రేడియో హెడ్‌ఫోన్ల మధ్య నలిగిన చెవులు నావి. వినగలిగినంత వింటాయి, మిగతాది సొంతంగా రాసుకుంటాయి. అప్పుడామె కింద కూర్చుని మారెన్ స్కోగ్ అనే అమ్మాయితో ఫోన్లో మాట్లాడుతోంది. ఆరడుగుల నాలుగంగుళాల బాస్కెట్‌బాల్ పిల్ల. కుడి మోకాలికి ఇదివరకే ఒకసారి కోత పడింది. కాబట్టి పోతే ఆ కాలే పోయి ఉంటుందని నేను తీర్మానించేశాను.

ఒక్క ఉరుకున పెరట్లోకెళ్ళి పక్కింటి వెర్లిన్‌తో చెప్పాను. వెర్లిన్ వాళ్ళావిడ ఆర్డిత్‌కి చెప్పాడు. ఆర్డిత్ చర్చి ప్రార్థన గొలుసుకి అందించింది. ఆ గొలుసులో ఒకరు ఇద్దరికి ఫోన్ చేస్తారు, ఆ ఇద్దరు నలుగురికి చేస్తారు. గంట తిరక్కుండా మా గుమ్మంలో మూడు బంగాళాదుంపల క్యాసరోల్స్, అంటే ఓవెన్లో కాల్చిన వంటకాలు, పొగలు కక్కుతున్నాయి. మా అయోవాలో ఎవరికేం జరిగినా ముందు క్యాసరోల్ వస్తుంది, అంబులెన్స్ తర్వాత.

మార్లిస్ పైకొచ్చి గుమ్మంలో పళ్ళేలు చూసింది. “ఎవరు పోయారు?”

“ఎవరూ పోలేదు. మారెన్ కాలు...”

“కాల్ అన్నానయ్యా! ఫోన్ కాల్! కింద సిగ్నల్ లేక తెగిపోయింది. మళ్ళీ చేశాను. గురువారం వస్తానంది పిల్ల.” ఒక పళ్ళెం మూత ఎత్తి వాసన చూసింది. “సంతకం పడేదాకా పేరు బయట ఎత్తకూడదని లీగు నియమం. నువ్వు ఏకంగా ఊరి చేత ప్రార్థనలే చేయించావ్.”

“దేవుడికి చెబితే బయట చెప్పినట్టా?”

“ఆర్డిత్‌కి చెబితే చెప్పినట్టే.”

పొద్దున ఆరింటికి నేను రేడియోలో పందుల ధరలు చదువుతాను. శీతాకాలం సాయంత్రాలు మా కాలేజీ ఆడపిల్లల ఆటకి వ్యాఖ్యానం చెబుతాను. రెండింటికీ ఒకటే గొంతు వాడుతున్నానని ఫిర్యాదులున్నాయి. ఆ జట్టుకి కోచ్ మా ఆవిడే. కోచ్ అంటే రైలు డబ్బా అనుకునేరు, మా ఇంట్లో ఆవిడే ఇంజిను. ఊరి పేరు ఓట్‌ఫీల్డ్. ఎవడో ఓట్స్ పండించి పెట్టిన పేరు. నాలుగేళ్ళుగా పండుతున్నవి మాత్రం ఓటములే.

మార్చిలో ఆటల డైరెక్టర్ గ్రాంట్ ఎల్వుడ్ మార్లిస్‌ని పిలిచాడు. పేరే గ్రాంటు గాని ఏదీ గ్రాంటు చేసే మనిషి కాడు. “ఇంకొక్క ఏడాది చూద్దాం మార్లిస్. ఈసారి ఓటముల కన్నా గెలుపులు ఎక్కువుండాలి. లేకపోతే...” అని చుక్కలు పెట్టాడు. మాకు పగలే చుక్కలు కనిపించాయి. ఉద్యోగం కాలేజీది, ఇల్లు కాలేజీది, ఇంటి ముందు గడ్డి కోసే యంత్రం కూడా కాలేజీదే. మావంటూ ఏమైనా ఉంటే ఆ మూడు క్యాసరోల్ పళ్ళేలు, అవీ కడిగి తిరిగివ్వాలి.

సీజన్లో కోచ్ పని బుట్టలో బంతి వేయించడం. సీజన్ అయ్యాక అసలు పని మొదలు, ఆటగత్తెల్ని బుట్టలో వేసుకోవడం. మాకు కావలసింది సెంటర్, అంటే బుట్ట కింద నిలబడే పొడుగు మనిషి. మా ఊళ్ళోనే సెంటర్ లేదు, ఇక జట్టులో ఎక్కడినుంచి వస్తుంది? రెండేళ్ళలో రెండు కాలేజీలు మారి మూడోది వెతుక్కుంటున్న మారెన్ దొరికింది. పేరుకి తగ్గట్టు కాలేజీలు మారెన్, కోచ్‌లు మారెన్, మోకాలు మాత్రం మారలేదు. ఆ మోకాలిని చూసే పెద్ద కాలేజీలు వెనక్కి తగ్గాయి. ఆడొచ్చని డాక్టరిచ్చిన కాగితం ఉంది. నది అవతలి కాలేజీ ఒకటి కాసుకుని కూర్చుంది. ఆలస్యం చేస్తే వాళ్ళు ఎత్తుకుపోతారు.

ఆటగత్తె ఊరు చూడటానికి రావడమంటే ఒక రకం పెళ్ళిచూపులే. కాకపోతే ఇక్కడ చూడటానికి వచ్చేది పిల్ల, పళ్ళెం పట్టుకుని వణికేది మేము.

గురువారం సాయంత్రం మారెన్ మా వంటింటి ద్వారబంధం కింద తల వంచుకుని లోపలికొచ్చింది. వస్తూనే పై అరలో ఆరేళ్ళుగా మా కంటికి కనపడని సూప్ గిన్నె దించి మార్లిస్ చేతిలో పెట్టింది. “ఇది మీదేనా కోచ్?”

“మా పెళ్ళికిచ్చారు,” అంది మార్లిస్. “పోయిందనుకున్నాం.”

పిల్ల మాకు అప్పుడే నచ్చేసింది. చిలీ, అంటే మా బీన్సూ మాంసం పులుసు, రెండు గిన్నెలు తింది. దాల్చినచెక్క వేసిన తీపి రొట్టె రోల్‌ని మావాళ్ళలాగే చిలీలో ముంచుకు తింది. నది అవతలి జనం ముంచరు. ఆట సంగతి వస్తే చేతులతో మాట్లాడింది. మార్లిస్ ఉప్పు డబ్బా, మిరియాల డబ్బా, మూడు చెంచాలు బల్లమీద పేర్చి ఆటలో ఎత్తు ఒకటి వేస్తే, మారెన్ మిరియాల డబ్బాని రెండంగుళాలు జరిపి, “నేనిక్కడుంటే?” అంది. మార్లిస్ ఆ డబ్బా వంక చాలాసేపు చూసింది. నాలుగేళ్ళలో ఆవిడ ముఖంలో ఆ వెలుగు నేను చూడలేదు. కిటికీలోంచి వెర్లిన్ బట్టతల కూడా వెలుగుతూ కనిపించింది. అభిమానుల సంఘం అధ్యక్షుడాయన. అభిమానులు పిల్లతో మాట్లాడకూడదని నియమం. అందుకని వాళ్ళ అరుగు మీద నిలబడి ఇటు చూస్తున్నాడు. చూడకూడదని నియమం లేదు.

ఆరున్నరకి సైరన్ మోగింది.

సై అంటే సిద్ధం, రన్ అంటే పరుగు. సుడిగాలి వస్తోంది, నేలమాళిగలోకి పరుగెత్తండని దాని అర్థం. ఆడవాళ్ళు అలాగే చేస్తారు. మగవాళ్ళం సై అంటాం గాని రన్ అనం. అరుగు మీదికెళ్ళి ఆకాశం చూస్తాం. మా నాన్న చూశాడు, తాత చూశాడు. నేనూ గిన్నె పట్టుకునే బయటికెళ్ళాను. పడమర ఆకాశం చిలుము పట్టిన రాగి చెంబులా పచ్చగా ఉంది.

“ఒరేయ్ ఆర్లో!” వెర్లిన్ అరిచాడు. “పిల్ల ఎలా ఉందిరా?”

“నియమం!”

“నేను నిన్నడిగాను, పిల్లని కాదు కదా!”

గాలి ఒక్కసారిగా ఆగిపోయింది. అలా ఆగిందంటే మా వైపు మగాడు కూడా లోపలికెళ్తాడు. దీపాలు పోయాయి. టార్చి తీసుకుని నేలమాళిగ తలుపు తీశాను. ఇద్దరూ ఇంకా మెట్ల మీదే ఉన్నారు.

ముందు మార్లిస్. ఎడమచేత్తో కమ్మీ పట్టుకుని, కుడికాలు కింది మెట్టు మీద పెట్టి, ఎడమకాలు దాని పక్కకి తెచ్చుకుని, ఆగి, మళ్ళీ కుడికాలు. తను ఆడే రోజుల్లో మోకాలికి రెండు ఆపరేషన్లయ్యాక ఇరవై ఏళ్ళుగా ఆమె మెట్లు దిగేది అలాగే. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు చెడ్డకాలు ముందు. వెనకే మారెన్. ఎడమచేత్తో కమ్మీ. కుడికాలు. పక్కకి ఎడమకాలు. ఆగి. మళ్ళీ కుడికాలు.

నెత్తి మీద సైరన్ అరుస్తోంది. ఇరవయ్యేళ్ళ పిల్ల. రెండేసి మెట్లు దూకాల్సిన పిల్ల.

కిందికి చేరాక మార్లిస్ వెనక్కి తిరిగి చూసింది. టార్చి వెలుగు ఆ పిల్ల మోకాలి మీద పడింది. నేను పక్కకి తిప్పేశాను.

“రోల్ తెచ్చుకున్నావా?” అంది మార్లిస్.

“తెచ్చుకున్నాను కోచ్.”

“మంచిపని చేశావు. కూర్చో.”

ఇరవై నిమిషాల తర్వాత సైరన్ ఆగింది. సుడిగాలి ఉత్తరంగా పోయి ఎవరిదో గాదె కప్పు పట్టుకుపోయింది. మారెన్ అమ్మాయిల హాస్టలుకి వెళ్ళింది. మార్లిస్ బల్ల మీది ఉప్పు డబ్బా, మిరియాల డబ్బా మళ్ళీ వాటి చోట పెట్టేసింది.

శుక్రవారం పొద్దున సంతకం. నేను జిమ్‌లో వ్యాఖ్యాతల బల్ల కింద దూరి ఎలుక కొరికిన వైరు అతుకుతున్నాను. మార్లిస్, మారెన్ వచ్చి మొదటి వరస బెంచీ మీద కూర్చున్నారు. పైకి లేద్దామనుకునేలోపే మాట మొదలైపోయింది.

“మెట్లు ఎప్పట్నుంచి అలా దిగుతున్నావ్?”

“ఎలా?”

“నాలాగ.”

బెంచీ కిర్రుమంది. “జనవరి నుంచి.”

“డాక్టర్ కాగితం?”

“అది డిసెంబర్‌ది. ఆట ఉన్నరోజు రెండు బిళ్ళలు, లేనిరోజు ఐసు. అంతే కోచ్. ఆడగలను. ఒక్క ఏడాది గట్టిగా ఆడగలను.” గొంతు తగ్గించింది. “మీక్కూడా ఒక్క ఏడాదే కదా కావాలి. మీ జట్టు పిల్లలు చెప్పారు.”

బల్ల కింద నా చేతిలో వైరు కదల్లేదు. నిజం చెప్పొద్దూ, ‘అవును, ఒక్క ఏడాదే’ అనమని మనసులో మార్లిస్‌ని బతిమాలాను. ఇల్లూ గడ్డి కోసే యంత్రమూ కళ్ళముందు తిరిగాయి.

“నాకు ఒక్క ఏడాదే కావాలి,” అంది మార్లిస్. “నీకు ఇంకా అరవై కావాలి. ఆ మోకాలితోనే. నిన్ను తీసుకోవడం లేదు మారెన్.”

“నది అవతలివాళ్ళు తీసుకుంటారు.”

“తీసుకోవచ్చు. నేను వాళ్ళకి ఫోన్ చెయ్యను. ఎవరికీ చెప్పను. మోకాలు నీది, చెప్పుకోవడమూ నీదే. కాని ఎక్కడ సంతకం పెట్టినా ముందు స్కాన్ తీయించు.”

“ఆట లేకపోతే నేనేంటి కోచ్? జనాలకి పై అరల్లోంచి గిన్నెలు దించిపెట్టే మనిషిని!”

“నేనూ ఇలాగే ఏడ్చాను. నా ఎత్తుకి ఆ ఉద్యోగం కూడా దొరకలేదు.”

పిల్లకి నవ్వు రాలేదు. రావలసిన సమయం కూడా కాదు. “వద్దంటే వద్దని చెప్పొచ్చు కదా! దానికి జోకులెందుకు?” అని లేచి వెళ్ళిపోయింది. బయట పికప్ బండి తలుపు పడ్డ చప్పుడుకి స్కోరు బోర్డు వణికింది.

“బయటికి రా ఆర్లో,” అంది మార్లిస్.

వచ్చాను. “నేనేం వినలేదు.”

“అన్నీ విన్నావు. ఎవరికీ చెప్పవు.”

“చెప్పను.”

అలా నా జీవితంలో మొట్టమొదటి మౌనవ్రతం మొదలైంది.

పిల్ల సంతకం పెట్టకుండా పోయిందని మధ్యాహ్నానికల్లా ఊరికి తెలిసింది. ఎందుకో తెలియలేదు. తెలియని చోట ఊరు ఊరుకోదు, అందుకే దాన్ని ఊరన్నారు. చిలీ చెడిపోయిందన్నారు. నేను కాలు పోయిందని చాటింపు వేసినందుకు పిల్లకి ఒళ్ళు మండిందన్నారు. అందరికన్నా వెర్లిన్ సిద్ధాంతం గొప్పది: మార్లిస్ తనకన్నా పొడుగువాళ్ళని భరించలేదట, పొట్టివాళ్ళకుండే జబ్బేనట. బోడిగుండుకీ మోకాలికీ ముడి వేశాడనాలి, బోడిగుండు మాత్రం ఆయనదే.

గ్రాంట్ ఇంటికే వచ్చాడు. “ఎందుకు వదిలేశావ్?”

“తీసుకోలేదు. అంతే.”

“కారణం చెప్పు మార్లిస్, నేను పైవాళ్ళకి చెప్పుకోవాలి.”

“నా నిర్ణయమని చెప్పు.”

“ఉన్నది ఒక్క ఏడాది. దాన్ని నువ్వే చేజేతులా పారబోసుకున్నావు,” అని టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. కోపం కన్నా బాధే ఎక్కువ ఆయన ముఖంలో.

మే నెలంతా వెర్లిన్ మార్లిస్‌తో మాట్లాడలేదు. నాతో మాట్లాడాడు, మాట్లాడకపోతేనే బాగుండేది. ఒకరోజు విత్తనాల కొట్టు దగ్గర పదిమందిలో, “మీ ఆవిడకి బుర్ర మోకాల్లో ఉందిరా!” అన్నాడు.

అయ్యా, నా యాభై నాలుగేళ్ళ శ్లేషాజీవితంలో అంతటి బంతి ఎవరూ నా చేతికి అందించలేదు. ఎదురుగా బుట్ట. అడ్డం ఎవరూ లేరు. నిజంగానే మోకాల్లోనే ఉంది, ఆ మోకాల్లో ఉండబట్టే ఇంకో మోకాలు కనిపెట్టింది అని ఒక్కమాట అంటే చాలు, కొట్టు దద్దరిల్లేది. నోరు తెరిచాను. మూశాను. నాలుగు బస్తాల మొక్కజొన్న విత్తనం కొనేశాను. మాకు పొలం లేదు.

మార్లిస్ మాత్రం తెల్లారేసరికి బండి తీసేది. చిన్న చిన్న ఊళ్ళ హైస్కూల్ జిమ్ములు తిరిగేది. ఎవరూ చూడని పిల్లల్ని చూసి వచ్చేది. జూన్ చివరికి ముగ్గురు సంతకం పెట్టారు. ముగ్గురూ అయిదున్నర అడుగులు దాటరు. ముగ్గురూ ఒక్కచోట నిలబడరు. “మిడతల్లా ఉన్నారు ఆర్లో! బంతి అవతలి జట్టుకి కనపడితే ఒట్టు,” అంటూ వంటింట్లో నాకు చేసి చూపించేది. చెడ్డకాలి మీదే. రాత్రి భోజనాల దగ్గర మాత్రం నన్ను అనుమానంగా చూసేది.

“ఒంట్లో బాగాలేదా? మూడు రోజులైంది, ఒక్క శ్లేష వెయ్యలేదు.”

“పొదుపు చేస్తున్నాను.”

“నాకోసమా?” అని నా పళ్ళెంలో ఇంకో రోల్ వేసింది. పాతికేళ్ళ కాపురంలో నా నోరు చూసి ఆవిడ మెచ్చుకోవడం అదే మొదలు, అదీ మూసి ఉండగా.

ఆగస్టు మొదటి ఆదివారం అగ్నిమాపక కేంద్రంలో అభిమానుల సంఘం మొక్కజొన్న విందు. బళ్ళు బయటపెట్టి లోపల బల్లలు వేస్తారు. కండెలు ఉడుకుతుంటాయి, వెన్న కారుతుంటుంది. మైకు నాది. మార్లిస్ చివరి బల్ల దగ్గర కూర్చుంది. ఆ బల్లకి ఇంకెవరూ రాలేదు. నేను కొత్త జట్టు పేర్లు చదువుతుండగా బయట పికప్ ఆగింది. డ్రైవరు పక్క సీట్లోంచి దిగి, చంకల కింద కర్రలతో, కుడికాలికి పట్టీతో మారెన్ స్కోగ్ ఆ పెద్ద తలుపులోంచి లోపలికొచ్చింది. ఆ తలుపు కింద ఆమె తల వంచాల్సిన పని పడలేదు.

రెండొందల నోళ్ళు నమలడం మానేశాయి. తిన్నగా నా దగ్గరికొచ్చింది. “మైకు ఇస్తారా సర్?”

నేను మైకు ఇంకొకరికివ్వడం ఊరు ఎన్నడూ చూడలేదు. ఇచ్చాను.

“నేను మారెన్‌ని. మీ కోచ్ మాట నిలబెట్టుకుని ఎవరికీ చెప్పలేదని నిన్న మీ జట్టు పిల్లలు ఫోన్లో చెప్పారు. ఊళ్ళో ఏమేం అనుకుంటున్నారో కూడా చెప్పారు. అందుకని వచ్చాను. చిలీ బాగుంది. నాకెవరి మీదా ఒళ్ళు మండలేదు. కోచ్ మీద మండింది గాని, అది వేరే. నా మోకాలు జనవరిలోనే పోయింది. నేను దాచాను. ఆవిడ కనిపెట్టి, వద్దంది. నేను నది అవతలి కాలేజీకి సంతకం పెడదామనే వెళ్ళాను. ఆఫీసు ముందు పద్నాలుగు మెట్లున్నాయి. బండిలో కూర్చుని ఆ మెట్లనే గంటసేపు చూసి, స్కాన్ తీయించడానికి వెళ్ళిపోయాను. ఇంకొక్క సీజన్ ఆడుంటే ముప్ఫయ్యేళ్ళకే చేతికర్ర పట్టుకునేదానివన్నాడు డాక్టరు. లోపల ఎలా ఉందో తెలుసా? మీ చేతుల్లో కండెలున్నాయే, తినేసినవి, అలా ఉందన్నాడు.”

రెండొందల మంది చేతుల్లోని కండెల వంక చూసుకున్నారు. కొందరు మెల్లగా పళ్ళెంలో పెట్టేశారు.

ఆర్డిత్ లేచింది. “మరి ఆర్లో నోటి వల్ల కాదా?”

“ఆయనా? ఆయన ఆ పొద్దున బల్ల కిందే ఉన్నారు. బూట్లు కనిపించాయి.”

“అంటే... ఆర్లోకి తెలుసా? ఏప్రిల్ నుంచీ?” ఆర్డిత్ గుండె మీద చెయ్యేసుకుంది. “తెలిసీ చెప్పలేదా?”

మోకాలి సంగతి కన్నా ఆ సంగతికే జనం ఎక్కువ నివ్వెరపోయారు. ఎవరో వచ్చి నా నుదురు కూడా తాకి చూశారు.

“ఇంతకీ ఇక ఆడవా అమ్మా?” వెనకనుంచి ఎవరో అడిగారు.

“ఈ ఏడాది ఆడను. పై ఏడాది బాగైతే ఆడొచ్చన్నారు. నా మోకాలికి ఆపరేషన్ చేసిన డాక్టర్ ఊళ్ళోనే ఓ కాలేజీ ఉంది. అంతా చెప్పే చేరాను. కాగితాలన్నీ ఇచ్చి.”

“ఆ కాలేజీ మన లీగులోదేనా?”

“అవునండీ.”

“అంటే వచ్చి మన మీదే ఆడుతుందా?” హాలంతా ఉస్సురంది.

మార్లిస్ ఎప్పుడు లేచిందో, చివరి బల్ల నుంచి నడిచొచ్చి ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది. భుజం అందలేదు మరి. “ఆడితే చాలు,” అంది.

వెర్లిన్ నిలబడ్డాడు. గడ్డం మీది వెన్న తుడుచుకున్నాడు. మార్లిస్ వంక చూడలేక గ్రాంట్ వంక తిరిగాడు.

“గ్రాంట్, లెక్క సులువుగా ఉంది. పై ఏడాది ఈ పిల్ల మన మీదికొస్తుంది. ఈ పిల్లని ఇంతవరకూ ఆపగలిగింది ఒక్క మనిషే. ఆ మనిషిని నువ్వు ఎక్కడికో పంపేస్తే అప్పుడు ఎవరితో ఆపిస్తావయ్యా?”

గ్రాంట్ కండె పక్కన పెట్టి, కాగితం రుమాలుతో ఒక్కో వేలూ తీరిగ్గా తుడుచుకున్నాడు. హాలంతా ఆ వేళ్ళనే చూస్తోంది.

“సోమవారం ఆఫీసుకి రా మార్లిస్. ఆ ఒక్క ఏడాది మాట మళ్ళీ మాట్లాడుకుందాం.”

“సోమవారం నా మిడతలు దిగుతున్నాయి,” అంది మార్లిస్. “మంగళవారం వస్తాను.”